ఉత్త వడిసెల

బీఏ ఆఖరి ఏడాది నేను పంతొమ్మిది రోజులు తక్కువయ్యాను. తక్కువైంది హాజరు. మిగతా విషయాల్లో ఎంత తక్కువో పరీక్షలే తేల్చవలసి ఉంది. కాని హాజరు చాలనివాణ్ణి పరీక్ష హాల్లోకి రానివ్వరు గనక ఆ సంగతి ఎప్పటికీ తేలకుండా పోయే ప్రమాదం వచ్చింది. ఇంకో ఏడాది చదివించే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకు మరీ లేదు.

అరవైల చివరి రోజులవి. గజపతినగరంలో రైలు దిగి రెండు మైళ్ళు నడిస్తే మా ఊరు. కాలేజీ విజయనగరంలో. పొద్దున్నే రాయగడ వైపు నుంచి వచ్చే పాసింజరు ఎక్కాలి, సాయంత్రం అదే దారిన తిరిగి రావాలి. ఆ బండి వేళకి వస్తే ప్లాట్‌ఫారం మీద జనం ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. నా గైరుహాజరుకి మాత్రం ఆ బండిని తప్పుపట్టను. తప్పు పిట్టలది.

ఆ ఏడు మెట్టు చేలో గంటెలు వేశాం. సజ్జల్ని మావైపు గంటెలంటారు. కంకి పాలు పోసుకునే వేళకి మా నాన్న మంచె మీద నుంచి పడ్డాడు. మంచె ఎత్తు నాలుగడుగులు, కాబట్టి పడటంలో పెద్ద విశేషం లేదు. పడ్డప్పుడు కుడి భుజం జారింది, అదే విశేషం. భుజం ఎక్కించేవాడు వచ్చి ఎక్కించాడు గాని, వడిసెల తిప్పే చెయ్యి వడిసెల తిప్పనని కూర్చుంది. తాడుతో పేనిన చిన్న జోలెలో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి వెళ్ళి పడుతుంది. అదే వడిసెల. చేను కాయడానికి అంతకన్నా పెద్ద యంత్రం మాకు లేదు. అన్నం తినే చేత్తో అన్నం తినడానికే మా నాన్న అవస్థ పడుతుంటే ఇక తిప్పేదెవరు? నేను.

పిట్టలు చదువుకున్నవి కావు గాని వాటికీ టైమ్‌టేబిల్ ఉంది. తెల్లారగానే ఒక పిరియడు, పొద్దు వాలేటప్పుడు ఇంకొకటి. నా పాసింజరు గజపతినగరంలో కూతేసే సమయానికి చిలకలు, గిజిగాళ్ళు మొదటి పిరియడులో నిండుగా హాజరయ్యేవి. వాటి హాజరు చూసుకుంటూ నా హాజరు పోగొట్టుకున్నాను.

మా నాన్న మంచె కింద నులక మంచం వేయించుకుని, కట్టు కట్టిన భుజంతో పడుకుని పాఠం చెప్పేవాడు.

“ఒరే, కనిపించిన ప్రతి పిట్టకీ రాయెయ్యకు. రాయి కంకుల మీద పడితే పిట్ట తిన్నదానికన్నా ఎక్కువ రాలతాది. ఉత్త వడిసెల తిప్పు. నాలుగు పాల్లు ఉత్తది తిప్పి అయిదోపాలి రాయెయ్యి.”

“పిట్టకి తెలిసిపోదా నాన్నా?”

“తెలిసిపోతాది. అందుకే ఒకపాలి మూడు తిప్పు, ఒకపాలి ఆరు తిప్పు. పిట్ట నిన్ను సూసి రాదురా. నీ అలవాటు సూసి వస్తాది.”

“అయితే రాయి ఎప్పుడెయ్యాలో ఎలా తెలుస్తుంది?”

“ముందుగాల ఏటీ సెయ్యకు. వడిసెల ఏలాడేసి నిలబడిపో. ఈడు సచ్చిపోనాడేటి అని పిట్ట దగ్గరికొచ్చి సూడాల. అప్పుడెయ్యి.”

నేను బీఏ చదువుతున్నవాణ్ణి. అందులో చివరి భాగం, అంటే ఏమీ చెయ్యకుండా నిలబడిపోవడం, నాకు నచ్చింది. నెలన్నర పాటు ఉత్త వడిసెల తిప్పాను. వడిసెల తాడు విదిలిస్తే గాలిలో టప్‌మని చప్పుడవుతుంది. రాయి ఉన్నా లేకపోయినా అదే చప్పుడు. పిట్టలన్నీ ఒక్కసారి లేచి, పక్క చేలో వాలి, నేను చెయ్యి దించగానే తిరిగి వచ్చేవి. నా కుడిచెయ్యి మోచేతి నుంచి భుజం దాకా కుక్కి మంచంలా సాగిపోయింది. కోతలయ్యాక కాలేజీకి వెళితే అటెండెన్సు రిజిస్టరులో నా పేరెదురుగా గళ్ళు తెల్లగా, పరిశుభ్రంగా ఉన్నాయి.

మా పీడీ గారు నన్ను వరండాలో ఆపారు. ఆయన ఆటలు నేర్పే మాస్టారు, మంచివాడు. ఆటగాళ్ళకి ప్రాక్టీసు రోజులు, పందెం రోజులు హాజరు కింద రాస్తారని నాకు తెలియజెప్పింది ఆయనే.

“ఏ ఆటొచ్చు నీకు?”

“ఏదీ రాదండి.”

“నిజం చెప్పినందుకు సంతోషం. ఫుట్‌బాల్‌లో ఖాళీ లేదు. హాకీలో లేదు. కోళ్ళదొర ఏదో ఆట మొదలెట్టాడు, దానికి తొమ్మిదిమంది కావాలి. ఎనిమిదిమందిని పట్టుకున్నాను. నువ్వు తొమ్మిది.”

కోళ్ళదొర అంటే ఒక అమెరికా కుర్రాడు. తెల్లకోళ్ళు పెంచడం రైతులకి నేర్పడానికి ఆ దేశం వాళ్ళు పంపించారు. వయసు ఇరవై మూడో నాలుగో. మా దేశానికి వచ్చే ముందు ఎక్కడో శిబిరంలో తెలుగు నేర్చుకున్నాడు. ఎవరు నేర్పారో గాని అది పుస్తకంలోంచి తిన్నగా లేచి వచ్చిన తెలుగు. ఉన్నవాటిలో సగం కోళ్ళు కొక్కెర తెగులుతో పోయాయి. మిగిలినవాటిలో సగాన్ని రైతులు పండక్కి కోసుకున్నారు. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక కాలేజీ మైదానానికి వచ్చి తన దేశపు ఆట నేర్పుతానన్నాడు. దాని పేరు బేస్‌బాల్.

ఆట క్లుప్తంగా ఇది. మైదానంలో నాలుగు మూలలు. నడిమధ్య చిన్న మట్టిదిబ్బ మీద ఒకడు నిలబడి బంతి విసురుతాడు. అసలు మూలలో కర్ర పట్టుకున్నవాడు దాన్ని కొట్టి మూల నుంచి మూలకి పరిగెత్తి, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వస్తే ఒక పరుగు. పాదం మూల మీద ఉన్నంతసేపు వాడి జోలికి ఎవరూ పోకూడదు. మూల వదిలాక బంతితో ముట్టుకుంటే వాడు అవుట్. ముగ్గురు అవుటైతే ఆ విడత అయిపోయినట్టు. మాకు మూలలంటే ఊక నింపిన గోనెసంచులు. దిబ్బ మీద సాయంత్రం నాలుగు దాకా ఒక ఆవు నిలబడేది. మాకు చోటివ్వడం దానికి ఎప్పుడూ ఇష్టం లేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఎవరూ బంతి కొట్టకపోయినా, మొదటి మూలలో నిలబడ్డవాడు అదను చూసి రెండో మూలకి పరిగెత్తిపోవచ్చు. దాన్ని దొంగిలించడం అంటారని కోళ్ళదొర చెప్పాడు. మూడేళ్ళు పొలిటికల్ సైన్సు చదివినా చట్టం ఒప్పుకున్న దొంగతనం ఒకటుందని మాకు ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు తలా ఒకసారి బంతి విసిరించి చూశాడు దొర. నా చేత్తో విసిరిన బంతి అతను గోడ మీద పెట్టిన డాల్డా డబ్బాని పడగొట్టింది. రెండోసారి కూడా పడగొట్టేసరికి నన్ను దిబ్బ ఎక్కించాడు.

“మీరు ఈ విద్యను ఎచ్చట నేర్చితిరి?” అన్నాడు.

“పిట్టల దగ్గరండి.”

అతను నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నాడు. కోళ్ళకి సంబంధించిందనుకున్నాడేమో.

దొంగని ఆపే విద్య అతను నేర్పుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. దిబ్బ మీద సిద్ధంగా నిలబడ్డప్పుడు కుడిచేతివాటం వాడి వీపు మొదటి మూల వైపు ఉంటుంది. అంటే దొంగ ఎప్పుడూ వీపు వెనకే. గిజిగాడు కూడా ఎప్పుడూ వెనక నుంచే వచ్చేవాడు. ఎడమ భుజం మీదుగా చూడమన్నాడు దొర. చూసిన ప్రతిసారీ ఒకేలా చూడొద్దన్నాడు. బంతి పట్టుకుని నిలబడే సేపు ఒకసారి పొడిగించమన్నాడు, ఒకసారి కురచ చెయ్యమన్నాడు. కాలు ఎత్తుగా లేపి తాపీగా విసిరితే ఆ తాపీలో దొంగ రెండో మూల చేరిపోతాడు కాబట్టి కాలు నేలకి దగ్గరగా జరిపి గబుక్కున విసరమన్నాడు. అప్పుడప్పుడు అసలు కొట్టేవాడికి కాకుండా మొదటి మూల కాపలావాడికి విసరమన్నాడు. అవుట్ కాకపోయినా ఫరవాలేదు, వాడు వెనక్కి దూకి దుమ్ము మింగితే చాలట.

మొదటి మూల కాపలాకి నా పక్క బెంచీవాణ్ణి పెట్టారు. మేమిద్దరం చుట్టాలం కాం. కాని ఒక బెంచీ మీద రెండేళ్ళు కూర్చుంటే మావైపు బావలైపోతాం.

ప్రాక్టీసు రెండు వారాలు. అందులో ఒక సాయంత్రం నేను లేను. పొద్దుటి పాసింజరు కోమటిపల్లిలోనే ఇంజను చెడి ఆగిపోయి మధ్యాహ్నం దాటాక గజపతినగరం వచ్చింది. ఇక వెళ్ళి ఏం లాభమని ఇంటికి నడిచిపోయాను. మర్నాడు బావని అడిగాను, నిన్న ఏం చెప్పాడని.

“ఏటో రూల్సు సెప్పినాడు బావా. ఆడి తెలుగు నాకర్థం కాదు గదా. మనం మోసం సెయ్యకూడదంట.”

“మనం మోసం చెయ్యం కదా.”

“నానూ అదే అన్నాను.”

ఆ సంగతి అంతటితో వదిలేశాం.

పందెం శ్రీకాకుళం వాళ్ళతో. అక్కడి కాలేజీలో కూడా కోళ్ళదొరే ఆట నేర్పాడు. ఈ రెండు జట్లు తప్ప కనుచూపు మేరలో మూడోది లేదు గనక మాది ఫైనల్ అనుకోవచ్చు. బయల్దేరే ముందురోజు ప్రిన్సిపాల్ గారు పీడీ గారిని, నన్ను గదిలోకి పిలిచారు. పీడీ గారు నా పంతొమ్మిది రోజుల సంగతి అంతకుముందే చెప్పి ఉంచారు.

“ఈ ఆట యూనివర్సిటీ జాబితాలో లేదయ్యా,” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “గెలిచి రండి, మా కాలేజీ ఫలానా ఆటలో గెలిచిందని నేను రాస్తాను. గెలిచిన ఆట అంటే వాళ్ళు కాదనరు. ఓడి వచ్చారనుకో, రెండు వారాలు మీరు మైదానంలో ఏం చేశారని నన్నడుగుతారు. నాకు తెలీదు.”

అంటే గెలిస్తే పరీక్ష, ఓడితే మంచె. అంత సూటిగా ఉంది లెక్క.

బస్సులో వెళ్ళాం. ఎచ్చెర్ల దగ్గర రేడియేటరు కాగిపోతే దిగి, నూతి నుంచి నీళ్ళు తెచ్చి పోశాం. డ్రైవరు మూత తిప్పుతుంటే దూరంగా నిలబడమని బావ అందరినీ హెచ్చరించాడు. తను మాత్రం దగ్గరే నిలబడ్డాడు, చెయ్యి కాల్చుకున్నాడు. ఎడమచెయ్యి. తోలు తొడుగు వేసుకుని బంతి పట్టుకునే చెయ్యి అదే.

“ఏటీ కాదు బావా,” అన్నాడు. “నువ్వు నెమ్మదిగా ఇసురు.”

శ్రీకాకుళంలో ఎండ ఒకలా లేదు. చూడటానికి వచ్చినవాళ్ళు ఏభైమంది దాకా ఉన్నారు. క్రికెట్ అనుకుని వచ్చి, కాదని తెలిశాక వెళ్ళడానికి బద్ధకించినవాళ్ళు. దొర ఒక్కడే అంపైరు. నా వెనకాల టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. ఆట అయిదు విడతలని ఒప్పుకున్నాం.

వాళ్ళ జట్టులో ఒకడున్నాడు. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్నవాడు, సన్నగా, నల్లగా, కాళ్ళకి ఏమీ లేకుండా. ఇసకలో పరిగెత్తి పెరిగినవాడికి గట్టినేల ఇస్తే ఏమవుతుందో ఆ రోజు చూశాను. మొదటి విడతలోనే మొదటి మూలకి వచ్చి నా వీపు వెనక మాట్లాడటం మొదలెట్టాడు.

“బాబూ, ఎనకాల నానున్నాను. మర్సిపోకు.”

భుజం మీదుగా చూశాను. మళ్ళీ చూశాను. విసిరాను. విసిరేసరికి రెండో మూలలో ఉన్నాడు. తర్వాతి బంతికి కూడా అంతే, చూడటం, మళ్ళీ చూడటం, విసరడం. మూడో మూలకి పోయాడు. ఇంకొకడు బంతి కొడితే పరుగు పూర్తిచేసి, పోతూ పోతూ నాతో అన్నాడు:

“రెండుపాల్లు సూసి ఇసుర్తావు బాబూ నువ్వు. మూడోపాలి సూడవు. నాను లెక్కెట్టుకున్నాను.”

మా నాన్న చెప్పిన మాట, దొర చెప్పిన మాట, రెండూ ఒకటే. ఆ రెండూ విన్నవాణ్ణి నేనే. మంచె మీద మూడూ ఆరూ తిప్పినవాణ్ణి, దిబ్బ ఎక్కేసరికి రెండు దగ్గర ఆగిపోయాను. నలుగురూ చూస్తుంటే మనిషికి లెక్కలు తగ్గిపోతాయి.

మా వాళ్ళు ఎలాగో రెండు పరుగులు చేశారు. మూడో విడతలో అతను మళ్ళీ మొదటి మూలలో నిలబడ్డాడు.

“ఏటి బాబూ, అలా సూస్తన్నావు. పెళ్ళిసూపులేటి?”

ఈసారి నేను చూడలేదు. మొదటి మూల వైపు గిర్రున తిరిగి, కాలు ముందుకేసి, చెయ్యి పూర్తిగా తిప్పి, బంతి వదలకుండా విదిలించాను. ఉత్త వడిసెల. నెలన్నరలో ఆ చెయ్యి కొన్ని వేలసార్లు చేసిన పని అది. అతను పిట్ట లేచినట్టు లేచి వెనక్కి దూకి, బొక్కబోర్లా పడి గోనెసంచిని కౌగిలించుకున్నాడు. జనం నవ్వారు. ఆ రోజు పొద్దుటి నుంచి నాకు కాస్త హాయిగా అనిపించిన క్షణం అదొక్కటే.

వెనక నుంచి దొర గొంతు గట్టిగా ఏదో ఒక మాట అంది. నాకు తెలియని మాట. ముందుకి వచ్చి, పడి ఉన్న అతన్ని లేవమని, రెండో మూల చూపించి వెళ్ళమన్నాడు.

అతనికీ అర్థం కాలేదు. దుమ్ము దులుపుకుంటూ, “నన్నేనా? నడిసెల్లనా, పరిగెత్తనా?” అని అడిగాడు.

“నడువుడు,” అన్నాడు దొర.

అతను నడిచి వెళ్ళాడు. దొంగకి దారి చూపించి మరీ పంపినట్టయింది. మా పీడీ గారు మైదానంలోకి వచ్చేశారు. బావ వచ్చాడు. కాలిన చెయ్యి ఊపుకుంటూ, “ఇదేటి అన్నేయం?” అన్నాడు. దొర మా అందరికీ ఓపిగ్గా చెప్పాడు:

“అండీ, విసరువాడు విసరవచ్చును. విసరకపోవచ్చును. విసురుచున్నట్లు నటింపరాదు. నటించినచో పరుగువాడు ఒక మూల ముందుకు పోవును. ఈ విషయమును గురువారమునాడు చెప్పితిని.”

గురువారం. కోమటిపల్లి. ఇంజను. హాజరు తక్కువైనందుకు ఆడుతున్న ఆటలో, హాజరు తక్కువైనందుకు దెబ్బ తిన్నాను. దీన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియక దిబ్బ మీదే నిలబడ్డాను.

గట్టు మీద కూర్చున్న ముసలాయన ఒకరు పక్కవాడితో అంటున్న మాట నాదాకా వినిపించింది. “బెదిరించకూడదంటే సేనెలాగ కాస్తార్రా మరి?” నాకు ఆయన కాళ్ళకి మొక్కాలనిపించింది. కాని ఆయన వాళ్ళ వైపు మనిషి.

తర్వాతి బంతిని వాళ్ళవాడు బలంగా కొట్టాడు. రెండో మూల నుంచి అతను పరుగు పూర్తిచేశాడు. రెండూ రెండూ సమానం.

నాలుగో విడత ఎలా గడిచిందో నాకు సరిగా గుర్తులేదు. భుజం బరువెక్కి, చెయ్యి నాది కాదన్నట్టు వేలాడుతూ ఉంది. అయిదో విడతలో మా బావ ఒంటిచేత్తో కొట్టిన బంతి ఒక గేద పక్కన పడింది. దాని దగ్గరికి వెళ్ళడానికి వాళ్ళు జంకారు. ఆ జంకులో మాకు ఒక పరుగొచ్చింది. మూడు, రెండు. ఇక వాళ్ళ ముగ్గుర్ని అవుట్ చేస్తే అయిపోతుంది.

ఇద్దరు అవుటయ్యారు. మూడోవాడు అతనే. నేను వరసగా నాలుగు బంతులు పక్కకి విసిరాను. అలా విసిరితే కొట్టకుండానే మొదటి మూల ఇచ్చెయ్యాలి. కావాలని విసరలేదు, చెయ్యి అటు పోయింది. అతను నవ్వుతూ మొదటి మూలకి వెళ్ళాడు.

అక్కడి నుంచి అతను రెండో మూల దొంగిలిస్తే, తర్వాతివాడు ఓ మాదిరిగా కొట్టినా పరుగు, మళ్ళీ సమానం, మళ్ళీ ఇంకో విడత. ఇంకో విడత విసరడం నావల్ల కాదు. ఆ సంగతి నాకు తెలుసు, బావకి తెలుసు, వాళ్ళందరికీ కూడా తెలిసే ఉంటుంది. పరీక్ష పోయింది అనుకున్నాను. అనుకోవడం కూడా పెద్ద బాధగా ఏమీ లేదు, నిద్ర వస్తున్నట్టుంది.

“ఏటి బాబూ, మళ్ళీ ఉత్తుత్తిది ఇసుర్తావా? ఇసురు. నడిసెలిపోతాను నాను.”

ఉత్తది విసరకూడదు. రెండుసార్లు చూసి విసరకూడదు. మిగిలింది ఒక్కటే. బంతి రొమ్ము దగ్గర పట్టుకుని నిలబడిపోయాను. ఎత్తుగడ వేశానని చెప్పుకోవచ్చు, తరవాత చాలామందికి అలాగే చెప్పుకున్నాను కూడా. నిజానికి విసిరే ఓపిక కోసం చూస్తున్నాను. అది రావడం లేదు.

అతను మూల వదిలి ఒక అడుగు వేశాడు. రెండో అడుగు. కాళ్ళ కింద ఎండుగడ్డి చప్పుడు వినిపించింది. నేను కదల్లేదు. కర్ర పట్టుకున్నవాడు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. గట్టు మీద మాటలు ఆగిపోయాయి.

“బాబూ,” అన్నాడు వెనక నుంచి. గొంతు కొంచెం మారింది. “నిద్దరోనావేటి?”

బావ కూడా అదే అనుకున్నాడట. పిలుద్దామా వద్దా అని చూస్తున్నాడట.

ఇంకో అడుగు పడింది. ఆ అడుగు పరిగెత్తడానికి వేసింది కాదు, నా మొహం చూడటానికి వేసింది. ఇప్పటికీ నేను అలాగే అనుకుంటాను. తిరిగాను. ఈసారి బంతి వదిలాను. బావ కాలిన చేత్తో దాన్ని పట్టి, “అమ్మా” అని, అదే చేత్తో అతని మోకాలి మీద కొట్టాడు. అతని వేళ్ళకీ గోనెసంచికీ మధ్య జానెడు దూరం ఉంది.

దొర బొటనవేలు ఎత్తాడు, అంటే అవుట్.

అతను కాసేపు అలాగే పడుకుని ఉన్నాడు. లేచి, నా దగ్గరికి వచ్చి, నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. “ఎవుల దగ్గర నేర్సినావు బాబూ?” అన్నాడు.

“మా నాన్న దగ్గర.”

“ఆయన కూడా దొర దగ్గరే నేర్సినాడా?”

చెప్పే ఓపిక లేక అవునన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దొర నా పక్క సీట్లో కూర్చున్నాడు. కిటికీకి తల ఆనించుకున్నాడు. నేనే అడిగాను, విసిరినట్టు నటిస్తే తప్పేమిటని. పిట్టల దగ్గర అదే ధర్మమని.

ఆలోచించి అన్నాడు: “దొంగకు కూడ ఒక అవకాశము ఉండవలెను గదా అండీ.” కొంచెం ఆగి, “ఈ వారము నలుబది కోళ్ళు చనిపోయినవి. నేను మిక్కిలి అలసితిని,” అన్నాడు. అతను వచ్చాక నాకు పూర్తిగా అర్థమైన తెలుగు అదే. ఇద్దరం నిద్రపోయాం.

మూడోరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మాట తప్పలేదు. ఆట పేరు రెండుసార్లు అడిగి రాసుకున్నారు. ప్రాక్టీసు, పందెం కలిపి పదకొండు రోజులు వచ్చాయి. ఇంకా ఎనిమిది మిగిలాయి.

“ఎనిమిదీ నేను మాఫీ చెయ్యగలను. కారణం కావాలి. ఎందుకు రాలేదు?”

నా చొక్కా జేబులో ఒక కాయితం ఉంది. నాకు పచ్చకామెర్లు వచ్చి తగ్గినట్టు ఒక డాక్టరు రాసిచ్చింది. పీడీ గారే తెప్పించారు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. దొర నా వెనక టోపీ పెట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. కాయితం ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇస్తున్నట్టు చెయ్యి పెట్టి నిలబడటం మాత్రం బాగాలేదు. చెయ్యి దించేశాను. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, నేను నిద్రపోతున్నానేమో అని చూశారు.

“గంటి చేను కాశాను సార్,” అన్నాను. “మా నాన్నకి భుజం జారింది.”

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ విద్య ఆయనకీ తెలుసు.

“ఎంత చేను?”

“ఎకరన్నర సార్.”

“పిట్టలు ఏమైనా మిగిల్చాయా?”

“మా తిండికి సరిపడా మిగిల్చాయి సార్.”

“మెట్టు చేనా, పల్లమా?”

“మెట్టు సార్.”

తలూపి కలం తీశారు. కారణం అని ఉన్న గీత దగ్గర కలం ఆగింది.

“కామెర్లని రాస్తున్నాను,” అన్నారు. “పిట్టలంటే యూనివర్సిటీ వాళ్ళకి అర్థం కాదు. డాక్టరు కాయితం ఏమైనా ఉందా?”

జేబులోంచి తీసి ఇచ్చాను.

హాల్‌టికెట్టు తెచ్చుకున్న రోజు సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన చోటు దొరికింది. హాల్‌టికెట్టుని పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ఒళ్ళో పెట్టి, కళ్ళు మూశాను. తెరిచేసరికి బొబ్బిలి. దిగి, తిరుగు బండికోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఇల్లు చేరేసరికి అన్నాలయిపోయాయి. మా నాన్న మంచం మీద నుంచే అడిగాడు, ఎక్కడికి పోయానని. చెప్పాను. బొబ్బిలి సంగతీ చెప్పాను, హాల్‌టికెట్టు సంగతీ చెప్పాను. శ్రీకాకుళం పందెం మాత్రం అంతకుముందే నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఉత్త వడిసెలకి శిక్ష వేస్తారన్న ముక్క ఆయన ఎప్పటికీ నమ్మలేదు.

“బండిలో నిద్దరోనావు. రాయి సేతిలో ఎట్టుకుని నిద్దరోనావు,” అన్నాడు. “పిట్టలు అలాటోళ్ళ కోసమే సూస్తుంటాయి.” ఎడమచేత్తో కంచం నా వైపు జరిపాడు. కుడి భుజం అప్పటికీ లేవడం లేదు.